వత్తి కాలని రాయి

అరకు,
18 నవంబరు 2007, ఆదివారం.

ప్రియమైన లూర్దుకు,

మరియమాత దయవల్ల నేనూ జాయ్ బాగానే ఉన్నాం. రంపచోడవరం ఆసుపత్రిలో నీకు రాత్రి డ్యూటీలు తగ్గాయని చదివాక మనసు కుదుటపడింది. జాయ్ దగ్గు గురించి అడిగావు. తగ్గింది. సంతలో పిల్లకు స్వెట్టరు కొన్నాను, రంగు నచ్చలేదని అలిగింది గాని విప్పడం లేదు.

"ఇంకా ఆ ఇంటర్నెట్ సెంటరు చుట్టూ తిరుగుతున్నారా?" అని కూడా అడిగావు. తిరుగుతున్నాను. డ్రిల్లింగ్ క్యాంపులో పద్దెనిమిదేళ్ళు రాళ్ళ మూటలు మోసి, చీటీలు అంటించి నేర్చుకున్నదే నా చదువు. నెట్‌లో ఆ రాళ్ళ గ్రూపులో కొత్తవాళ్ళు ఫోటో పెట్టి ఇదేం రాయని అడిగితే, గోటితో గీకి చూడండి, గాజు మీద గీయండి, నిమ్మరసం చుక్క వేయండి అని చెబుతుంటాను. అందరూ సార్ అంటారు. అది బాగుండేది.

మూడు వారాల కింద నూకరత్నం గారని ఒక టీచరమ్మ ఒక ఫోటో పెట్టింది. ఉండేది ఎస్.కోటలో, పనిచేసేది అనంతగిరి కొండల్లో ఒక చిన్న బడిలో, ఊరి పేరు కూడా రాసింది. ఆవిడ మరిది కడప వైపు గనుల నుంచి తెచ్చిన తెల్లరాయి అది. పట్టులా మెరుస్తూ పోగులు పోగులుగా ఉంది. గీకి చూడమని కూడా అడగలేదు నేను. "జిప్సం. భయం లేదు, పిల్లలకు ఇవ్వొచ్చు" అని రాసేశాను.

మొన్న శుక్రవారం సాయంత్రం నేను సెంటర్లో ఉండగానే ఆవిడ మళ్ళీ రాసింది. "సార్, ఆ పోగుల్ని మెలిపెట్టి వత్తి చేశాను. నూనె కాలింది గాని వత్తి కాలలేదు! రేపు సైన్సు ప్రదర్శనలో పిల్లలందరిచేతా చేయిస్తాను."

జిప్సం పోగు పెళుసు, మెలిపెడితే విరిగిపోతుంది. మెలి తిరిగి, నిప్పుకు కాలనిది రాతినార. రేకుల్లో కలుపుతారే, ఆ ఆస్‌బెస్టాస్. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తర్వాత ఏం చేస్తుందో నీకు నాకంటే బాగా తెలుసు.

అంతలో కరెంటు పోయింది. సెంటరు వరహాలరావు బయటికెళ్ళి కనుక్కొచ్చి, "లైను మీద సెట్టు పడిందట బాబూ, ఇంక రేపే" అన్నాడు. ఆవిడ ఫోను నంబరు నా దగ్గర లేదు. ఆ వేళప్పుడు ఘాటురోడ్డు దిగే బండి దొరకలేదు.

శనివారం తెల్లారగానే భీముడి జీపెక్కాను. "బేగి పోనీరా" అంటే, "ఏటి బాబూ, పేనం మీదకొచ్చిందేటి?" అన్నాడు.

"నాది కాదురా, పిల్లలది."

మేం వెళ్ళేసరికి బడి వరండాలో పదకొండు మంది పిల్లలు వరసగా కూర్చుని పోగులు లాగుతున్నారు. ఒక పాప జడలో తెల్లటి నూగు. "ఆపండి! ఎవరూ దులుపుకోవద్దు!" అని కేకేశాను. టీచరమ్మ బెదిరిపోయింది. పేరు చెప్పగానే మొహం వెలిగిపోయింది. "సారా! మా బడికి మీరే వచ్చారా! పిల్లలూ, సారుకి నమస్కారం పెట్టండి."

పిల్లలు ఆ చేతులతోనే దండం పెట్టారు, లూర్దూ.

వరండా అంతా నీళ్ళు చల్లి తడిగుడ్డలతో తుడిచాం. రాయినీ పోగుల్నీ రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టేశాం. పిల్లలకు కుళాయి దగ్గర తలస్నానాలు చేయించాం. ఆ పాప తల్లి సోములమ్మ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నా గుంటకి ఏటవుద్ది బాబూ?"

"ఒక్కరోజు పీల్చినదానికి మామూలుగా ఏమీ కాదమ్మా."

"మామూలుగా అంటే ఏటి?"

నేను చెయ్యి విడిపించుకుని, కట్టిన సంచుల మూతులే మళ్ళీ బిగించాను.

ఇప్పటిదాకా రాసినదాంట్లో ఒకటి దాచాను. కరెంటు వెంటనే పోలేదు. ఐదు నిమిషాలుంది. ఆ ఐదు నిమిషాల్లో నేను హెచ్చరిక రాయలేదు. ముందు నా పాత జవాబు వెతికి చెరిపేశాను, నేను రాశానని ఎవరికీ తెలియకూడదని. అది చెరిపి, హెచ్చరిక మొదలుపెట్టేసరికి స్క్రీను నల్లబడింది.

ఈ మాట టీచరమ్మకు కుళాయి దగ్గరే చెప్పాను. ఆవిడ కుళాయి కట్టేసింది. "నేను ఎస్.కోట నెట్ సెంటర్లో ఇంకో అరగంట కూర్చున్నాను, మీ జవాబు కోసం" అంది. ఈసారి సార్ అనలేదు. తర్వాత హాజరుపట్టీ తెచ్చి నా ముందు పెట్టింది. "పదకొండు పేర్లు. మీరే రాసుకోండి."

ఈరోజు చర్చిలో పూజ అయ్యాక గ్రూపులో జరిగినదంతా పెట్టాను. నేను జియాలజిస్టును కానని, మూటలు మోసినవాణ్ణని కూడా.

నీకు సెలవు దొరికితే ఒక్కసారి రా. నన్ను అనాల్సిన మాటలు అను, పడతాను. ఆ తర్వాత నాతో ఆ ఊరు రా. సోములమ్మ అడిగినదానికి నిజం చెప్పాలి, అదీ భయపెట్టకుండా చెప్పాలి. నర్సువి, నీకు చేతనవుతుంది. ఈ పిల్లల్ని ఏటేటా ఏ డాక్టరుకు చూపించాలో కూడా కనుక్కో. పేర్లు వెనక పేజీలో రాశాను. మొదటి పేరు సోములమ్మ కూతురు బేబి, ఏడేళ్ళు.

ఇట్లు,
నీ కోపానికైనా ఎదురుచూసే నీ ఇంటాయన,
లాజరస్