ఎడమచేతి గిటారు

అన్నా,

రొయ్యల గుంట దగ్గర కరెంటు తగిలి నువ్వు పోయి ఏడాది అయింది. నిన్న సాయంత్రం అల్లూరులో మీ బ్యాండు వాయించింది. నీ ముసుగు వేసుకుని, నీ నల్ల గిటారు తగిలించుకుని ఎవరో కొత్తవాడు నిలబడ్డాడు. జనం నువ్వేననుకుని కేకలు పెట్టారు. ముసుగు వెనక ఎవరున్నదీ బయటికి చెప్పకూడదని మీరే నియమం పెట్టుకున్నారు కదా, నువ్వు పోయావని కూడా మీవాళ్లు చెప్పలేదు.

మీ డ్రమ్ములాయన వచ్చి రెండు గిటార్లూ అడిగాడు. స్టేజీ గిటారు ఇచ్చాం. స్టూడియోలో ముసుగు లేకుండా కూర్చుని వాయించేవాడివే, ఆ గోధుమరంగుది అమ్మ ఇవ్వలేదు. నల్లదానికి నీ ఎడంచేతి కోసం తిరగేసి కట్టుకున్న తీగల్ని వాళ్లు విప్పి మామూలుగా కట్టేశారు. అంత జనంలో ఒక్కడికీ తేడా తెలియలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"కుడిచేత్తో వాయిస్తా ఉండాడే," అని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఏడవడం చూసి పక్కనున్నాయన అడిగాడు.

"ఏందమ్మా, ఆ గిటారాయన మీకు తెలుసా?"

చెప్పేస్తే బాగుండుననుకున్నాను.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "తెలీదు నాయనా," అని అందరితో పాటు చప్పట్లు కొట్టింది.

ఈ పొద్దున అమ్మ గోధుమరంగు గిటారు తీసి, ఉప్పుగాలికి తుప్పు పట్టిన తీగల్ని గుడ్డతో తుడుస్తుంటే ఒకటి తెగింది. నెల్లూరులో గిటార్ల షాపుకి తీసుకెళ్లి కొత్తది వేయించుకొస్తానన్నాను.

"వద్దులేమ్మా," అంది. "వాళ్లు అన్నీ ఇప్పేసి కుడిచేతికి కట్టేస్తారు."

నీ చెల్లెలు