గ్లాసులో నీళ్లు తొణకలేదు

పుష్పమ్మా, మీ నాయన పని పోలేదు తల్లీ, బండి నా చేతిలోనే దారికొచ్చింది!

ఫోనులో నీ మాట ఇనపడక ఆదోని నుంచి కార్డు రాస్తాండాను. సేతుమాధవరావు సారు పాత అంబాసిడర్‌కు కార్బొరేటర్ సెట్టు చేయాల. "చెవుడొచ్చినోనికి ఇంజను శబ్దం ఏం తెలుస్తాదప్పా, కుదరకపోతే ఇంటికి పో" అని నా చెవికాడ అరిచినాడు షెడ్డు ఓనరు. నేను నడిచే ఇంజను మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి, వాటినే చూస్తా స్క్రూ తిప్పినాను. వణికే నీళ్లు అట్లే నిలబడినాయి, అంటే ఇంజను అదురు పోయిందన్నమాట. ఓనరు వంగి చూసి, "రేపు పెందలాడే రా అన్నా" అని కాగితం మీద రాసిచ్చినాడు!

గూట్లో నా కళ్లద్దాలు ఉన్నాయి, పంపు. ఎనుము ఈనిందా? ప్రభువు మిమ్మల్ని సల్లగా సూడాల.

మీ అమ్మకు, ఎమ్మిగనూరు పెద్దత్తకు, ఆలూరు చిన్నాయనకు ఈ మాట చెప్పు. నన్ను ఇంట్లో కూచోమన్న మీ మామకు రెండుసార్లు చెప్పు.