హుస్నా పేరుతో నేను రాసిన ఉత్తరాలు

నేను, ఈమని శేషుకుమారి, వెంకటేశ్వర రావు గారి భార్యను, వయస్సు నలభై ఎనిమిది, స్వస్థలం పిఠాపురం, ప్రస్తుతం ఒమన్ దేశంలో మస్కట్ ఘుబ్రా నివాసిని. ఇది నా చేత్తో నేను రాసుకుంటున్న మరణశాసనం. పొద్దున వేసుకోవలసిన నొప్పి మాత్ర మానేసి కూర్చున్నాను. వేసుకుంటే మగత కమ్ముతుంది. మగతలో ఏదో రాసిందని రేపు ఎవరూ అనకూడదు. జబ్బు కాలేయానికి కూడా పాకిందని డాక్టరు చెప్పి పదకొండు రోజులైంది. ఈ రాతలో నామీద ఎవరి ఒత్తిడీ లేదు. ఒత్తిడి చేయగల మనిషి ఆఫీసుకు వెళ్ళారు.

ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న నా కూతురు మనోజ్ఞకు అప్పగిస్తున్నాను.

1. నా నాలుగు పేటల గొలుసు, దిద్దులు, చీరలన్నీ మనోజ్ఞకు. చీరలు కట్టుకోమని బలవంతం లేదు. చింపి దిండు గలీబులు కుట్టుకున్నా సంతోషమే. నా పెళ్ళి పట్టుచీరను మా ఆడపడుచు ఒక్క పూటకని పట్టుకెళ్ళి పాతికేళ్ళయింది. ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను. ఇక అది ఆవిడదే.

2. హుస్నా గురించి. ఈమెది రాయచోటి. ఇద్దరు పిల్లలను వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చింది. మా వెనక వీధి విల్లాలో ఇంటిపని చేసేది. చదువు రాదు. చెత్త పారబోసే వంకన వచ్చి మా వెనక మెట్ల మీద కూర్చుని చెబుతుంటే, వాళ్ళమ్మకు నెలకో ఉత్తరం రాసిపెట్టేదాన్ని. జవాబులు మా పోస్టు బాక్సుకే వచ్చేవి. చదివి వినిపించేదాన్ని.

1993 జూన్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం హుస్నా చెప్పుల్లేకుండా ఆ మెట్లెక్కి పరుగున వచ్చింది. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె వాత. రెండు రోజులు స్టోర్ రూమ్‌లో దాచాను. వాతకు మందు రాశాను. పెరుగన్నం కలిపి పెట్టాను. మన దేశపు ఎంబసీకి తీసుకెళదామని మా ఆయనను అడిగితే తల పట్టుకుని కూర్చున్నారు. ఆ విల్లా ఆసామి ఆయన కంపెనీ యజమానికి బావమరిది. "మన వీసా వాళ్ళ చేతిలో ఉంది శేషూ. పిల్ల చదువు ఇంకా కాలేదు" అన్నారు. మూడో రోజు పొద్దున ఆ ఇంటికి ఆయనే ఫోను చేశారు. కారు వచ్చింది. హుస్నా నా వంటింటి గుమ్మం పట్టుకుని, "అక్కా, నువ్వన్నా ఒక మాట చెప్పక్కా" అంది. నేను సింకు దగ్గర ఉన్నాను. కుళాయి ఇంకాస్త తిప్పాను. నీళ్ళ చప్పుడులో మిగతాది వినబడలేదు.

ఫోను చేసినందుకు ఆయనను ఇప్పటికీ క్షమించలేదు. కానీ కుళాయి తిప్పింది నేను.

ఆ నెలలోనే ఆ కుటుంబం ఇక్కడికి కారులో రెండు గంటల దూరంలోని ఇబ్రా ఊరికి మకాం మార్చింది. హుస్నా కబురు మళ్ళీ తెలియలేదు.

3. వాళ్ళమ్మ ఉత్తరాలు మాత్రం ఆగలేదు. మొదటిది చింపి చదివాను. "నీ జాబు రాక మెతుకు మింగబుద్ధి కావడంల్యా బిడ్డా" అని ఎవరిచేతనో రాయించింది. ఒక్కసారికే కదా అని జవాబు రాశాను. అమ్మా, నేను బాగున్నాను అని. అలా పద్దెనిమిది ఉత్తరాలు రాశాను. మొదటినుంచీ చేతిరాత నాదే కనుక ఆమెకు అనుమానం రాలేదు. హుస్నాకు జలుబు చేసిందని రాశాను. తగ్గిందని రాశాను. పండక్కి కొత్త బట్టలు పెట్టారని రాశాను.

చదువురానివాళ్ళకు ఓ ఉత్తరం ముక్క రాసిపెడితే పుణ్యమని మా అమ్మ చెప్పేది. ఆ చిన్న సాయమే ఇక్కడిదాకా తెచ్చింది. నేను పోతే ఆ చేతిరాత ఆగిపోతుంది. ఆ తల్లి లెక్కలో హుస్నా పోయేది ఆ రోజే.

అందుచేత మనోజ్ఞా, నువ్వు రాయచోటి వెళ్ళాలి. పోస్టులో పంపకు. ఆమె ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పు. తిడితే పడు. కొట్టినా పడు. నా పేరు దాచవద్దు. ఆమె ఉత్తరాలు కుట్టుమిషను సొరుగులో ఉన్నాయి. నా బంగారు గాజులు రెండు జతలూ, పిఠాపురంలో మా నాన్నగారు పసుపు కుంకుమల కింద నాకిచ్చిన స్థలమూ హుస్నాకు. ఆమె తిరిగి రాని పక్షంలో ఆమె పిల్లలిద్దరికీ సమానంగా. ఇవి ఇస్తే చెల్లిపోతుందని కాదు. చెల్లదు.

4. ఆ తరువాత నాకు చేతనైన పని ఒకటే. రెండు వేళ్ళ వెడల్పు తెల్లగుడ్డ పేలికల మీద, ఉతికినా పోని సిరాతో ఎంబసీ ఫోను నంబరూ, "నాకు సాయం చేయండి" అని అరబ్బీలో ఒక వాక్యమూ రాశాను. లోపావడా బొందు మడతలో పెట్టి కుట్టుకుంటే ఎవరూ వెతకరు. అరబ్బీ వాక్యం నేర్పింది మన వీధి దర్జీ ఖమరుద్దీన్. పంచింది భూమయ్య. మా వీధులు ఊడ్చే ఇతనిది జగిత్యాల దగ్గర పల్లె. చెత్త వేయడానికి వచ్చే ఆడవాళ్ళ చేతిలో పేలిక పెట్టేవాడు. పట్టుబడితే డ్యూటీ పోతుంది కదా అంటే, "పోతె పోనియ్యి అమ్మా. ఊడ్సుడు ఊర్ల గూడ దొరుకుతది" అన్నాడు. అలాంటి మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

ఎనభై పేలికలు ఇచ్చాం. ఒక్కటి పనికొచ్చి ఒకామె ఇల్లు చేరిందని తెలుసు. మిగతావాటి సంగతి తెలియదు.

కుట్టుమిషను ఖమరుద్దీన్‌కు, పేలికలు ఆపకూడదన్న షరతుతో. ముందు సొరుగులో ఉత్తరాలు తీసేయండి. మా ఫ్రిజ్ భూమయ్య వాళ్ళ రూమ్‌కు. నీళ్ళ సీసాలు ముందు రోజే గడ్డకట్టించి, తడిగుడ్డ చుట్టి చెత్తబండిలో పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటాయని వాళ్ళకు నేనే చేసి చూపించాను. ఎండలో మెడ మీద తడి తువ్వాలు మరవవద్దని నా మాటగా చెప్పండి.

5. నా వంటల నోటుపుస్తకం ఎవరికీ అక్కరలేదు. పారేయండి.

6. కాకినాడ ఇంట్లో నా సగం వాటా మా వారికి. దానితో పాటు ఒక పని. మీరు ఇబ్రా వెళ్ళాలి. ఎవరినీ పంపకండి. ఆ ఇంటి తలుపు మీరే కొట్టి హుస్నా ఏదని అడగాలి. పంతొమ్మిది నెలలుగా అడుగుతూనే ఉన్నాను. అడిగినప్పుడల్లా చూద్దాం అన్నారు. మీరు చెడ్డవారు కాదు. చెడ్డవారే అయ్యుంటే నాకు ఇంత కష్టం ఉండేది కాదు. భయస్థులు. నేనూ అంతే. ఆమె బతికి ఉంటే వాళ్ళమ్మతో మాట్లాడించండి. లేకపోతే ఎక్కడ పాతిపెట్టారో కనుక్కోండి. మిమ్మల్ని బతిమాలడానికి ఇక నాకు రోజులు లేవు.

7. ఇది అదే రోజు మధ్యాహ్నం చేర్చింది. మేడ మీది నర్సు రాజేశ్వరి ఇంజెక్షను ఇవ్వడానికి వస్తే ఒక సాక్షిగా కూర్చోబెట్టాను. రెండో సాక్షి ఎవరా అనుకుంటూండగా ఆయన భోజనానికి వచ్చారు. కాగితాలు దాచే ఓపిక లేకపోయింది. నిలబడే చదవడం మొదలుపెట్టారు. రెండో నిబంధన దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అంతా అయ్యాక పెన్ను అడిగారు. మా నాన్నగారు ప్లీడరు గుమాస్తా కాబట్టి నాకు తెలిసినంత చెప్పాను. సాక్షి సంతకం చేసినవారికి ఈ కాగితం కింద ఆస్తి రాదు, కాకినాడ వాటా పోతుంది అని. "తెలుసు" అన్నారు. అందుకని ఆ వాటా మనోజ్ఞకే చెందాలి. ఇద్దరి ఎదుటా నేను సంతకం చేశాను. నా ఎదుట వాళ్ళిద్దరూ చేశారు.

ఇప్పుడాయన అన్నం తినకుండానే లేచి కారు తాళాలు తీసుకున్నారు. ఎక్కడికని నేను అడగలేదు. ఆఫీసుకంటారేమోనని భయం వేసింది.

మస్కట్, ఘుబ్రా
1995 జనవరి 17, మంగళవారం

(సంతకం) ఈమని శేషుకుమారి

సాక్షులు:
1. రాజేశ్వరి, నర్సు, పై అంతస్తు
2. ఈమని వెంకటేశ్వర రావు