పాత పత్రికల గదిలో తెర

పురానాపూల్,
సోమవారం సాయంత్రం.

చిరంజీవి అచ్యుత్‌ను అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మీ బాపు, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. పూణెలో నువ్వు, మాన్య కులాసాగా ఉన్నారని తలుస్తూ, మిమ్మల్ని చల్లగా చూడమని రోజూ దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

నీ ఉత్తరం గురువారం అందింది. చేతిలో ఫోన్లుండగా ఇంకా ఉత్తరాలేమిటని మాన్య నవ్విందని రాశావు. నువ్వు ఆరో తరగతిలో గురుకులం హాస్టల్‌కు వెళ్లినప్పటి నుంచి పడిన అలవాటు, ఇప్పుడు మానుకోవడం అత్తయ్యకు చేతకాదని చెప్పు. పైగా ఈసారి చెప్పవలసింది ఫోన్లో చెబితే నువ్వు మధ్యలోనే అడ్డం వస్తావు. కాగితం మీదైతే చివరిదాకా చదువుతావు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెప్తాను. మీ బాపు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. డాక్టరు నేల మీద కూర్చోవద్దన్నాడు కనుక ఇప్పుడు గుడిలో స్టూలు మీద కూర్చుని పూలదండలు కడుతున్నారు. దేవుడి ముందు ఎత్తు మీద కూర్చున్నానని రోజూ ఒకసారి బాధపడతారు. నా థైరాయిడ్ పరీక్ష అయింది, పాత మాత్రనే వాడమన్నారు. వంటింటి పైకప్పు ఈ వానలకు కారలేదు. ఇక నీ నాలుగో ప్రశ్న. "ఆ వీడియో మీ యూనివర్సిటీదేనా అమ్మా? ఆ గది వాళ్లకు ఎవరు తెరిచారు?" అని అడిగావు. మూడు రోజులుగా దీనికి జవాబు రాద్దామని కూర్చుని లేచిపోతున్నాను. ఇవాళ రాస్తాను.

అవును, మా యూనివర్సిటీయే. నేను పనిచేసే లైబ్రరీయే. నువ్వు మన కుటుంబం గ్రూపులో పెట్టిన వీడియోలో కనిపించేది కింది అంతస్తులోని పాత పత్రికల గది. గోడ మీద సరస్వతీదేవి పటం, దాన్ని కప్పుతూ పసుపు గుడ్డ, ఆ గోడ వైపు తిరిగి నుదురు నేలకు ఆనించి నమాజు చేస్తున్న ఇద్దరు ఆడపిల్లలు. దాని కింద నువ్వు రాసిన మాట మీ బాపు నాకు చదివి వినిపించారు. చదువుల తల్లికి ముసుగు వేసిన చేతులు విరగ్గొట్టాలని రాశావు. నేనప్పుడు నైవేద్యానికి బియ్యం కడుగుతున్నాను. కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగాను. నువ్వు సరిగ్గానే రాశావని బాపు అన్నారు. మీ కాక, మేనత్త కూడా అవునవునని కింద రాశారట.

ఆ ఇద్దరిలో పెద్దమ్మాయి పేరు నౌషీన్. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. రెండో పిల్ల తహూరా, ఆమెకు జూనియర్. పటం మీద గుడ్డ కప్పింది నౌషీనే అని మర్నాడే ఆమెను సస్పెండ్ చేశారు. పన్నెండో తారీఖు నుంచి ఆఖరి పరీక్షలు. విచారణ కమిటీ ఇవాళ తేల్చకపోతే ఆమెకు హాల్ టికెట్ వచ్చేది కాదు. ఆమె చదువు అక్కడే ఆగిపోయేది.

అసలు సంగతి మొదటి నుంచి చెప్తాను. మా దగ్గర మధ్యాహ్నం విరామం అరగంటే. దగ్గరి మసీదుకు గేటు దాటి ఇరవై నిమిషాలు నడవాలి, నడిచినా అక్కడ ఆడవాళ్లకు చోటు లేదట. ఏదో ఒక ఖాళీ గది ఇప్పించమని ఆ పిల్లలు మూడుసార్లు అర్జీ పెట్టారు. మూడుసార్లూ పరిశీలనలో ఉందనే జవాబు. అందుకని లైబ్రరీ మెట్ల కింద, విరిగిన కుర్చీల పక్కన చాప పరుచుకుని చేసుకునేవారు. ఊడ్చే ఎల్లమ్మ బకెట్లు పెట్టుకునే చోటు అది. "తడి నేల మీద మొక్కితే దేవుడు రాడు బిడ్డా, సర్ది వస్తది" అని ఆమె వాళ్లను ఆటపట్టించేది, మళ్లీ తనే పొడిబట్టతో తుడిచి ఇచ్చేది.

ఒకరోజు నేను పత్రికల కట్టలు మోసుకుని కిందికి దిగుతున్నాను. నా ముందు ఇద్దరు మగపిల్లలు. అందులో ఒకడు చెప్పుల కాలితో చాప అంచు తొక్కి, "ఏందిరా, లైబ్రరీల దర్గా పెట్టిండ్రా? టోకెన్ ఏడ ఇస్తరు?" అన్నాడు. రెండోవాడు నవ్వాడు. నౌషీన్ నమాజు మధ్యలో ఉంది. తల తిప్పకూడదు, జవాబు చెప్పకూడదు. ఆ పిల్ల మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపించింది. పూజలో ఉన్నప్పుడు ఎవరైనా పిలిస్తే మనమూ పలకం కదా. ఆ పలకకపోవడాన్ని ఆసరా చేసుకుని నవ్వితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

పాత పత్రికల గది తాళం ఇరవై రెండేళ్లుగా నా దగ్గరే ఉంది. అందులో ఉన్న సరస్వతీదేవి పటానికి ప్రతి శుక్రవారం నేనే దీపం పెడతాను. నమాజు ముగిశాక ఆ పిల్లలను పిలిచి తలుపు తెరిచాను. ఇద్దరూ గడప దగ్గరే ఆగిపోయారు. వాళ్లు తిరగవలసింది పడమరకు. పటం ఉన్నదీ పడమటి గోడకే. పటం ఎదురుగా వాళ్లు నమాజు చేయకూడదు. నౌషీన్ నా చేయి పట్టుకుంది. "గోడ మీదికెళ్లి ఫోటో తీసెయ్యమని మేం అడగం ఆంటీ. మీ దేవుని జాగ అది. మేం మెట్ల కిందనే చేస్కుంటం, ఫికర్ చెయ్యకుండ్రి" అంది.

మీ తాతగారి కాలం నుంచి మన ఇల్లు గుడి సేవలో ఉంది. నైవేద్యం పెట్టే వేళ అమ్మవారికి తెర వేస్తాం. కాసేపు ఆమె ఏకాంతం ఆమెకు వదిలి, మళ్లీ తెర తీసి హారతి ఇస్తాం. చిన్నప్పుడు నువ్వు ఆ తెర తాడు పట్టుకుని లాగుతానని ఏడ్చేవాడివి. ఆ గడప దగ్గర నాకు తోచింది అదే. గుడిలో పాతబడిన పసుపు తెర గుడ్డ ఒకటి ఉతికి, మర్నాడు సంచిలో తీసుకెళ్లాను. అమ్మవారికి దండం పెట్టి, పది నిమిషాలు ఓర్చుకో తల్లీ అని చెప్పి కట్టాను.

ఆ తెర వేసింది నేనే అచ్యుత్.

నా లెక్కకు అది ముసుగు కాదు. కానీ నా లెక్క లోకానికంతా తెలుస్తుందని అనుకోవడమే నా పొరపాటు. పైవాళ్లను అడగకుండా గది తెరవడం మరో తప్పు. నెల రోజులు అలా నడిచింది. వాళ్లు వెళ్లగానే తెర తీసి మడిచి బీరువాలో పెట్టేదాన్ని. ఆ రోజు పైనుంచి పిలుపు వస్తే ఫైళ్లు అందించడానికి వెళ్లాను. అంతలో ఎవరో తలుపు తోసి వీడియో తీశారు. నేను దిగి వచ్చేసరికి లైబ్రరీ ముందు నినాదాలు, నాలుగింటికల్లా గేటు దగ్గర పోలీసు బండి. తహూరా భయంతో నా కుర్చీ వెనక కూర్చుంది. నౌషీన్ మాత్రం నా వైపు చూడనే లేదు. చూస్తే జనం కూడా నా వైపు చూస్తారని.

ఇంతవరకు రాయడం కష్టం కాలేదు. కష్టమైనది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ సాయంత్రం విచారణకు నన్ను పిలిచారు. గుడ్డ ఎవరు కప్పారని అడిగితే నా నోరు పెగల్లేదు. ఆఫీసు గుమాస్తా మురళి మంచివాడే, నా మేలు కోరేవాడే. చెవి దగ్గరికి వచ్చి, "అక్కా, మీరేం మాట్లాడకుండ్రి. తాళం బల్ల మీద పెట్టి అన్నానికి పోయిన, ఎవరు తీసిండ్రో తెల్వదు అని చెప్పుండ్రి. లొల్లి వాళ్లది, మీకెందుకు" అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసి తెచ్చాడు. నేను సంతకం పెట్టాను. ఏడాదికి ఒకసారి సత్యనారాయణ వ్రతం, ఏకాదశికి ఉపవాసం, పొద్దున లేస్తే సహస్రనామం. ఆ చేత్తోనే అబద్ధం కింద సంతకం పెట్టాను. ఆ కాగితం వల్లనే తాళం నౌషీన్ దొంగతనంగా తీసినట్టయింది. ఆమెను అడిగితే, తాళం తీసింది, గుడ్డ కప్పింది అంతా తనేనని చెప్పిందట.

అది నాకు ఎల్లమ్మ చెప్పింది. "నీ పేరు జెప్తె ఆ పోరి ఒక్క నిమిషంల బయటపడుతుండె. జెప్పలే" అంది. అని, నా మొహం చూడకుండా బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

శనివారం ఫలక్‌నుమాలో వాళ్లింటికి వెళ్లాను. నౌషీన్ వాళ్లమ్మ కుట్టుమిషను ఆపి, లేచి, కుర్చీ దులిపి వేసింది. తన కూతురు లైబ్రరీ ఆంటీ గురించి రోజూ చెప్తుందని ఉర్దూలో అంది. నాకోసం చాయ్ పెట్టింది. కూతురు సస్పెండ్ అయిందని ఆమెకు తెలియదు. పరీక్షల సెలవులనుకుంటోంది. ఆ చాయ్ నేను తాగలేకపోయాను. గల్లీ చివరిదాకా నన్ను సాగనంపడానికి నౌషీన్ వచ్చింది. నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు మాకు జాగ ఇచ్చిండ్రు ఆంటీ. మీ పేరు జెప్పి ఆ జాగల మళ్లీ నమాజుకు ఎట్ల నిలవడాలె?" అంది. తర్వాత చిన్నగా, "కానీ అమ్మకు ఏం జెప్పాలెనో తెలుస్తలే" అంది.

నిన్న మీ బాపు గుడి నుంచి రాగానే అంతా చెప్పాను. ఆయన కండువా మడుస్తూ విన్నారు. కోప్పడతారనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"తెర మళ్లీ తీసినవా? ప్రతిసారి?"

"తీసిన."

"శుక్రవారం దీపం తప్పించినవా?"

"లేదు."

"అయితే అమ్మవారికి నువ్వేం తక్కువ చెయ్యలే" అన్నారు. మళ్లీ తనే, "ఆ పిల్లకు చేసిండ్రు తక్కువ. గుడి కమిటీ వాళ్లు నన్ను పిలుస్తరు ఇగ. పిలవనీ" అన్నారు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఆయనకు ఆ గుడి తప్ప వేరే లోకం లేదు, నీకు తెలుసు.

ఇవాళ పదకొండింటికి కమిటీ ముందుకు వెళ్లాను. సొంతంగా రాసుకున్న కాగితం ఇచ్చాను. కమిటీలో పెద్దాయన రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి, మెల్లగానే మాట్లాడారు. నేను అమాయకురాలినని, ఆ పిల్లలు ఒత్తిడి చేసి తెరిపించారని ఒక్క వాక్యం కలిపితే నా ఉద్యోగానికి ఏమీ కాదని అన్నారు. పెన్ను కూడా నా ముందుకు జరిపారు. గోడ దగ్గర నిలబడ్డ మురళి కలపమన్నట్టు తల ఊపాడు. ఆ పెన్నును ఎంతసేపు చూశానో నాకు తెలియదు. తర్వాత దాన్ని ఆయన వైపే జరిపాను.

"ఒత్తిడి చెయ్యలే సార్. వాళ్లు వద్దన్నరు. నేనే తెరిచిన, నేనే తెర కట్టిన. మొన్న ఇచ్చిన కాగితం అబద్ధం" అన్నాను.

నా గొంతు ఎంత చిన్నదో నీకు తెలుసు. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.

మూడింటికి తేల్చారు. నౌషీన్ మీద సస్పెన్షన్ ఎత్తేశారు, హాల్ టికెట్ ఇస్తారు. విచారణ పూర్తయ్యేదాకా నన్ను సస్పెండ్ చేశారు. గదికి సీలు వేశారు. నమాజుకు చోటు సంగతి అడిగితే అర్జీ పరిశీలనలో ఉందన్నారు. తాళాలు అప్పగిస్తూ, శుక్రవారం దీపం ఎవరు పెడతారని అడిగాను. తాళాలు లెక్కపెట్టుకుని సొరుగులో వేసుకున్నారు. బయట వరండాలో నిలబడ్డ పిల్లలకు అప్పటికే తెలిసిపోయింది. కొందరు నన్ను చూసి ఏదో అన్నారు. అది రాయను. ఎల్లమ్మ బస్టాపు దాకా నా సంచి మోసింది.

ఇక నీ సంగతి. నీమీద నాకు కోపం లేదు. మన అమ్మవారిని ఎవరో అవమానించారనుకుని రాశావు, నేను నేర్పిన భక్తితోనే రాశావు. కానీ ఆ మాట ఒక పిల్లమీద పడింది, ఆ పిల్ల చేయని పనికి. గ్రూపులో నువ్వు రాసింది తీసెయ్యమని అడగను. తీసేస్తే కాక వాళ్లు నౌషీనే చేసిందని అలాగే అనుకుంటారు. దాని కిందనే ఇంకొక్క మాట రాయి. ఆ తెర కట్టింది మా అమ్మ, ఆ పిల్లలు కాదు అని.

నీకు కష్టంగా ఉంటే ఊరుకో. మాన్యతో కూడా పోట్లాడుకోవద్దు. ఈ ఉత్తరం నీకు అందేసరికి శుక్రవారం అవుతుంది. ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత నేనే రాస్తాను. ఫోన్లో తెలుగు అక్షరాలు వెతుక్కోవడం నాకు నిదానం, అంతే.

ఇట్లు,
నీ మేలు కోరే
అమ్మ విమలాదేవి.