కడుపులో నీళ్ళ చప్పుడు

కుమాసి,
సెప్టెంబరు ఎనిమిది, ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు,

నీ నడిపి కూతురు అక్పెనే మోకరించి పెట్టే దణ్ణం. ఇక్కడ ఒఫోరి, పిల్లలిద్దరూ కులాసాగా ఉన్నారు. నేనూ ఇప్పుడు బాగానే ఉన్నాను. "ఇప్పుడు" అని ఎందుకు రాశానో మొత్తం చదివితే నీకే తెలుస్తుంది. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? కొత్త కళ్ళద్దాలు సరిపోయాయా? ఫోన్ చేద్దామంటే నీకు వినిపించదు, మీ పక్కింటివాళ్ళకి మాత్రం అంతా వినిపిస్తుంది. అందుకే కాగితం తీశాను.

ఎండు చేపల మూట అందింది. బస్సులో దాని పక్కన కూర్చున్నవాళ్ళు ఎంత తిట్టుకున్నారో గాని, మా ఇల్లంతా రెండు రోజులు మన ఊరు కెటా వాసనే. ఎలికెమ్ పరీక్ష పాసైంది. లెక్కల్లో తరగతికే మొదటిది. "టీచరమ్మ మనవరాలు కదా" అని వాళ్ళ నాన్న అందరికీ చెప్పుకుంటున్నాడు. కుట్టు పని బాగా ఉంది. పెళ్ళి బట్టలకంటే చావు ఇళ్ళకి వేసుకెళ్ళే బట్టలే ఎక్కువ వస్తున్నాయి, ఈ ఊళ్ళో ఎప్పుడూ ఉండేదే.

ఇక నువ్వు అడిగిన మాట. "మన వీధి డోవి నిన్ను అక్కడి మార్కెట్లో చూసిందట. ఐదో నెల అని నీ నోటితో నువ్వే చెప్పావట. కన్నతల్లికి దాచి ఊరికి చెప్పుకుంటావా?" అని రాశావు. పసిగుడ్డలు ఉతికి మడతపెట్టానన్నావు, సెప్టెంబరు నెలాఖరుకి కానుపు చెయ్యడానికి వస్తానన్నావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచి మిషను సొరుగులో పెట్టేశాను. ఏడు వారాలైంది. ఇంకా ఊరుకుంటే నువ్వు మూట కట్టుకుని బస్సెక్కేస్తావు.

రాకమ్మా. బిడ్డ లేదు. డోవి అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పింది నేనే.

ఫిబ్రవరిలో నేను పొట్ట బిగించే ఆపరేషన్ చేయించుకున్నాను. నీకు చెబితే "దేవుడిచ్చిన ఒంటిని కత్తిరించుకుంటావా?" అంటావని చెప్పలేదు. మూడో కానుపు తర్వాత నా పొట్ట మళ్ళీ లోపలికి పోలేదు. మడత కింద చెమట పొక్కులు, మిషను ముందు గంట కూర్చుంటే నడుము విరిగేది. అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది వేరే ఉంది. మార్కెట్లో ప్రతి ఒక్కరూ "ఎన్నో నెల?" అని అడిగేవారు. ఆ మూడో బిడ్డ పోయి రెండేళ్ళయినా అడిగేవారు. ఆ మాట వినకుండా ఉండాలని కోయించుకున్నాను.

డాక్టర్ బాదు మంచివాడు, చెయ్యి శుభ్రమైనది. ఈ తుంటి నుంచి ఆ తుంటిదాకా కోసి, వేలాడే చర్మం తీసేసి, లోపల విడిపోయిన కండను దగ్గరికి లాగి కుట్టాడు. కుట్టు చివర్లలో మాత్రం, కొత్తగా నేర్చుకునే పిల్ల జాకెట్టు కుట్టినట్టు, చిన్న ముడతలు లేచాయి. నేను అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను కూడా. బొడ్డు కింద చర్మానికి స్పర్శ లేదు. నా చెయ్యి వేస్తే ఎవరో పక్కన కూర్చున్న ఆడమనిషి పొట్ట మీద వేసినట్టు ఉండేది.

నీరు బయటికి పోవడానికి పెట్టిన గొట్టాలు తీసేసిన వారానికి, బట్ట తీద్దామని వంగితే లోపల చప్పుడైంది. సగం నిండిన సొరకాయ బుర్రను కదిపినట్టు.

"నీరు చేరింది. కొందరికి ఇలా అవుతుంది. భయం లేదు" అన్నాడు డాక్టర్. సూదితో లాగితే లేత పసుపు నీళ్ళు గిన్నెడు వచ్చాయి. "నడుం పట్టీ విప్పకండి. వారం వారం రండి. మానేశారో, మళ్ళీ కొయ్యాల్సి వస్తుంది" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నాలుగు వారాలు వెళ్ళాను. తీసిన ప్రతిసారీ మళ్ళీ చేరింది.

ఐదోసారి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఒఫోరికి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఈస్టర్ పోయిన మర్నాడు, మధ్యాహ్నం మూడింటికి, నేను మిషను ఆపి సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఒళ్ళు కదల్లేదు, ఊపిరి కూడా బిగబట్టి ఉన్నాను. లోపల ఎడమ పక్క తట్టింది. ఒకసారి, కాస్త ఆగి రెండుసార్లు. కడుపులో ఉన్నప్పుడు వాడు అలాగే తట్టేవాడమ్మా. ఎడమ పక్కనే, అదే లెక్కలో. నీకు గుర్తుందా, ఆ రోజుల్లో నీ చెయ్యి తీసుకుని నేనే పెట్టాను.

మర్నాడూ మూడింటికి కూర్చున్నాను. తట్టింది. ఆ తర్వాత ఆ వేళకి రోజూ దుకాణం తలుపు దగ్గరికి వేసి, పట్టీ విప్పేసి కూర్చునేదాన్ని. నీళ్ళని నాకు తెలుసు, కళ్ళారా గిన్నెలో చూశాను. తెలిసీ మాట్లాడేదాన్ని. ఎలికెమ్ పరీక్ష గురించి, వాన గురించి. డాక్టర్ సూది గుర్తొస్తే పొట్టకి రెండు చేతులూ అడ్డం పెట్టుకునేదాన్ని.

పొట్ట పెరిగింది. మా దుకాణం ముందు గంజి అమ్మే రెకియా అవ్వ ఓ రోజు, "ఏం తల్లీ, చెప్పనే లేదు! ఎన్నో నెల?" అంది. ఏ మాట వినకూడదని కోయించుకున్నానో అదే మాట. "ఐదు" అన్నాను. నాలుక తడబడలేదు. మర్నాడు డోవి కనబడితే ఆమెకూ అదే చెప్పాను. చెబుతుంటే ఎంత బాగుందో నీకెలా రాయను.

ఆ రోజు నేను "ఐదు" అనగానే రెకియా అవ్వ సంబరపడి, గంజి చెంబు కింద పెట్టి, నా పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. ఆనించి అలాగే ఉండిపోయింది. ఆమె మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"ఇదేంటమ్మా, చల్లగా ఉంది?" అంది. "బిడ్డున్న కడుపు వెచ్చగా ఉంటది. నేను పదకొండు మందిని కన్నదాన్ని, నాకు తెలీదా?"

"ఎండలోంచి వచ్చావు, అందుకే అలా అనిపిస్తోంది అవ్వా."

"ఎండలోంచి వచ్చింది నా చెయ్యి. అది కాదు." చెయ్యి కొంగుకి తుడుచుకుంది. ఆ రోజు నుంచి నాకు గంజి ఉచితంగా పోసేది గాని దగ్గరికి వచ్చేది కాదు.

మే నెలాఖరుకి ఒఫోరి ఉత్తరాదిన తమలే నుంచి లారీ తెచ్చాడు. నెల రోజుల తర్వాత చూశాడు నన్ను. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అక్పెనే, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నావా?"

"వెళ్తున్నా."

"ఒట్టు?"

నేను పక్కకి తిరిగాను. చెయ్యి పట్టుకుని, "ఒళ్ళు కాలిపోతోంది!" అని అరిచాడు. నాకు చలిగా ఉంది గాని జ్వరమని తెలియలేదు. బట్ట తొలగించి చూస్తే కుట్టు చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది. బొడ్డు అంచు నల్లబడింది. దానికి స్పర్శ లేదు కదా, నొప్పి కూడా తెలియలేదు. లారీ ఎక్కుతుంటే కుట్టు ఒకచోట విచ్చుకుని నీళ్ళు కాళ్ళ మీదుగా కారాయి. వేడిగా. ఉమ్మనీరు పోయినప్పుడు ఎలా ఉంటుందో అలాగే. "వద్దు, వద్దు, ఇంకా నెలలు నిండలేదు" అని నేను అరిచానట. నాకు గుర్తు లేదు. ఒఫోరికి గుర్తుంది. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, మంచివాడు.

డాక్టర్ బాదు నన్ను తిట్టలేదు. "ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మీ ఆయన ఒక్కడే వచ్చేవాడు నా దగ్గరికి" అన్నాడంతే. పదహారు రోజులు మంచం మీద ఉన్నాను. చీము పోయి ఒళ్ళు తేరుకున్నాక, జూలై చివర్లో మళ్ళీ కోశాడు. బొడ్డు కొత్తగా కట్టాడు, చివర్ల ముడతలు తీసేశాడు. ఈసారి కుట్టు తిన్నగా ఉంది, నేనైనా అంతకంటే బాగా కుట్టలేను.

లోపల సంచి దొరికిందమ్మా.

"నీళ్ళు చాలా రోజులు నిలిస్తే ఒళ్ళే దాని చుట్టూ పొర కట్టుకుంటుంది. అది తియ్యకపోతే నీరు చేరుతూనే ఉంటుంది" అని చెప్పాడు. చూపించమన్నాను. వద్దన్నాడు, నేను వినలేదు. పళ్ళెంలో తెచ్చాడు. నా రెండు అరచేతులంత ఉంది, తెల్లగా. లోపలి వైపు నున్నగా, తడిగా మెరుస్తోంది. నా ఒళ్ళు నాకు తెలియకుండా నీళ్ళకోసం ఇల్లు కట్టిపెట్టింది.

"చూశారా, ఖాళీ. ఏమీ లేదు" అన్నాడు.

"అయితే తట్టిందేమిటి డాక్టర్ గారూ?"

"మీరు కదిలితే నీళ్ళు కదులుతాయి."

నేను కదలకుండా ఉన్నప్పుడే తట్టేదని ఆయనకి చెప్పలేదు.

ఇప్పుడు గాయం మానింది. మిషను తొక్కుతున్నాను. మూడింటికి ఏమీ లేదు. ఆ వేళకి మాత్రం చేతిలో పని ఆపేసి ఎదురుచూడకుండా ఉండలేను.

అమ్మా, నీ ప్రశ్నకి జవాబు రాశాను. ఇప్పుడు నేను అడుగుతాను, తిట్టకు. మనింట్లో వాడు ఏడవకుండా పుట్టిన రోజు నువ్వూ పెద్దమ్మా గుడ్డలో చుట్టి తీసుకెళ్ళారు. "చూడకు, అడగకు, అడిగితే తర్వాతివాళ్ళు రారు" అన్నావు. నేను చూడలేదు, అడగలేదు. తర్వాతివాళ్ళు ఇక రారు. కాబట్టి అడగొచ్చు. వాణ్ణి ఎక్కడ పెట్టారు?

ఇరవయ్యో తారీఖున బస్సెక్కుతున్నాను. వచ్చేదాకా చెప్పకపోయినా సరే, నువ్వు ముందు నడు, నేను వెనకాల వస్తాను. ఒక్కటి మాత్రం దాచకు. ఈ ఏడు సముద్రం బాగా లోపలికి వచ్చిందని, చేపలు కాల్చే పొయ్యిల అవతలి దిబ్బంతా తీసుకుపోయిందని పెద్దమ్మ కొడుకు ఫోన్లో చెప్పాడు. వాడు ఆ దిబ్బలో ఉంటే, చెప్పమ్మా. సముద్రం ఏ నెలలో వచ్చిందో, గుర్తుంటే ఏ రోజో, ఈస్టర్‌కి ముందో వెనకో, అది చెప్పు.

ఇట్లు,
నీ మాట జవదాటి అడుగుతున్న
నీ నడిపి కూతురు
అక్పెనే