ఆ చుక్కలు మనుషుల లెక్క కాదు

బిడ్డా అనితా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మిర్యాలగూడలో బస్సెక్కి కోదాడలోని మీ కాలేజీకి పోయాను. నువ్వు చేసిన కంప్యూటర్ ఆటను తెర మీద చూపించారు. ఒకే మడిలో రెండు చుక్కలు గింజలు ఏరుకుంటాయి. ఎవరూ చెప్పకుండా వాటంతట అవే నేర్చుకుంటాయని నువ్వు అనేదానివి. గింజలు నిండుగా ఉన్నంతసేపు దేని దారి దానిది. తగ్గగానే ఒకదాన్నొకటి కొట్టి నెట్టడం నేర్చుకున్నాయి.

మీ సారు నవ్వాడు. "సూసిండ్రా అమ్మా, అచ్చం మనుషుల లెక్కనే!"

నాకు ఒళ్లు మండింది. "ఏ మనుషుల లెక్క సారూ? మా కాలువ కాడికి ఎప్పుడన్న వచ్చి సూసిండ్రా?" అని అందరి ముందే అడిగాను.

ఎగువ పొలం లింగయ్య నీళ్ల కోసం మీ నాయనతో ఏళ్ల తరబడి కొట్లాడాడు కదా. నువ్వు కన్నుమూసిన వారం మేం ఇల్లు కదల్లేదు, మన నీళ్ల వంతు దాటిపోయింది. తర్వాతి వంతు లింగయ్యది. తన పొలం నెర్రెలు విచ్చినా తన తూము మూసి మన మడి నింపి పోయాడు. ఎవరూ అడగలేదు.

నువ్వు చూసి ఉంటే అది కూడా ఆటలో పెట్టేదానివి. కానీ నువ్వు లేకనే కదా అతను ఆ పని చేసింది.

మీ అమ్మ