స్విచ్ దగ్గర మెరుపు

ఫిబ్రవరి 9, ఆదివారం

అక్కకు,

చెల్లెలి నమస్కారాలు. నువ్వూ బావా కులాసా అనుకుంటాను. ఇక్కడ మేము క్షేమం అని రాయలేను.

నాన్న ఇప్పుడు ఆక్సిజన్ సిలిండరు పెడితేనే ఊపిరి తీసుకోగలుగుతున్నారు. డాక్టరు వారాల లెక్క చెప్పడం మానేశాడు. మేడమీద మన బొమ్మ రైలు ఒక్క చుట్టు తిరిగితే చూడాలని నాన్న పట్టు. ఒళ్ళంతా ఆక్సిజన్ పట్టిన బట్టలతో, రైలు చక్రాల కింద కరెంటు చిమ్మే నిప్పురవ్వల పక్కన కూర్చుంటారా అని నర్సమ్మ మా ఇద్దర్నీ కలిపి దులిపేసింది. చివరికి బట్టలు మార్చి, సిలిండరు కిందే వదిలి, కుర్చీలో మోసుకెళ్ళి ఐదు నిమిషాలు చూపించమంది. అదీ పట్టాలమీద ఒక్క మెరుపూ లేదని తనకు చూపించాకే.

పట్టాలు స్పిరిట్‌తో తుడిస్తే గుడ్డ బొగ్గులా నల్లబడింది. చక్రాల మసి గీకాను, వదులైన అతుకులకు టంకం వేశాను. నా ఫిజిక్సు డిగ్రీ ఉద్యోగానికి పనికిరాకపోయినా దీనికి పనికొచ్చింది. కిటికీలు మూసి చీకట్లో నడిపితే, దారి చీలే స్విచ్ దగ్గర మాత్రం ఇంకా మెరుస్తోంది. అక్కడ రెండు పట్టాలు మరీ దగ్గరై, ఇనుప చక్రం రెండింటినీ ఒకేసారి తాకుతోంది. చిన్నప్పుడు నువ్వు ఆ పట్టాల మొనలకు నెయిల్ పాలిష్ పూసి కరెంటు తగలకుండా చేశావు. మా ఇంజనీరమ్మ అని నాన్న వీధంతా చెప్పుకున్నారు. ఆ ఎరుపు అరిగిపోయింది. ఎంత మేర పూశావో నాకు తెలియదు. నువ్వే రావాలి.

నీ కోపం తెలుసు. అమ్మ ప్రాణం పోతుంటే ఆయన పైన రైలు నడుపుకుంటూ కూర్చున్నారు. ఆ మాట మొహంమీదే అనేసి వెళ్ళిపోయావు. నాకూ అది మింగుడుపడలేదు. మొన్న అడిగాను.

“కిందుంటే మీ అమ్మ మూలుగు వినపడేదే. రైలు చప్పుడులో వినపడేది కాదు” అన్నారు.

అది పిరికితనం అన్నాను. కాదనలేదు.

ఉత్తరం అందగానే బయల్దేరు.

నీ చెల్లి

తా.క. అక్కా, పైన అబద్ధం రాశాను. పాలిష్ నేనే పూశాను, మెరుపు పోయింది. నర్సమ్మ కళ్ళు చిట్లించి చూసి సరేనంది. నాన్నను పైకి మోసుకొచ్చాం. మీట నొక్కబోతే నా చెయ్యి పట్టుకున్నారు. “ఆ పాలిష్ గీకెయ్యవే. పెద్దదానికి పని మిగలాలి, అదొచ్చి పూశాకే నడపాలి” అన్నారు. గీకేశాను. ఆ ఐదు నిమిషాలూ ఆగి ఉన్న రైలునే చూస్తూ కూర్చున్నారు. ఆయాసపడుతుంటే కిందికి మోసుకెళ్ళాం. మళ్ళీ మోస్తే తట్టుకోలేరని నర్సమ్మ అంది. నువ్వొచ్చి పూస్తే, కింద మంచంమీదికి ఆయనకు రైలు చప్పుడైనా వినిపిస్తుంది.